రిమోట్ ఎవరి చేతిలో ఉంది?

వీడియో గేముల మీద విమర్శ వ్యాసమేమిటి, అదీ ముస్లిం రచయితల సంకలనంలో, అని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. కవిత్వం మీద రాయండి, కథ మీద రాయండి, సచార్ కమిటీ మీద రాయండి, పిల్లల ఆటల గురించి రాయడానికేముంది అని అడగవచ్చు. మొదట మాకూ అలాగే అనిపించింది. మా ఏన్కూరులో మిర్చి కోతల కాలంలో జరిగిన ఒక చిన్న సంగతి ఆ అభిప్రాయాన్ని మార్చింది.

కల్లంలో మిర్చి ఆరబోసినప్పుడు రాత్రిళ్లు కాపలా ఉండాలి. ఆ రాత్రి నలుగురు పిల్లలు ఒకే మంచం మీద కూచుని ఫోన్లలో తుపాకీ గేము ఆడుతున్నారు. ఒకడు కోయగూడెం పిల్లవాడు, ఒకడు లంబాడా తండా వాడు, ఇద్దరు మావాళ్లు. ఈ ఆటలో ఎక్కడెక్కడివాళ్లో ఒక జట్టుగా చేరి మైకుల్లో మాట్లాడుకుంటారు. మా బంధువుల పిల్లవాడి ఫోన్లో అతని పేరుండాల్సిన చోట 'కింగ్' అని ఉంది. నీ పేరు ఎందుకు పెట్టుకోలేదురా అని అడిగాం. తలెత్తకుండానే "నామ్ దేఖే తో గాలియాఁ దేతే చిచ్చా" అన్నాడు. పేరు చూస్తే తిడతారట. తిట్టేవాళ్లెవరో అతనికి తెలియదు. ఏ ఊరివాళ్లో, వాళ్ల ముఖాలెలా ఉంటాయో కూడా తెలియదు. పేరు కనిపించగానే పాకిస్తాన్ పొమ్మంటారు, జట్టులోంచి తోసేస్తారు. కోయ పిల్లవాడు కూడా ఇంటిపేరు తీసేసుకున్నాడు. ఇంటిపేరు చూస్తే కోయోడని తెలిసిపోతుందట. నలుగురిలో ఇద్దరు పేర్లు దాచుకుని ఆడుతున్నారు. ఆటలో కూడా.

ఆ రాత్రి మాకు ముస్తఫా గుర్తొచ్చాడు.

1993లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్' అనే గేమును విడుదల చేసింది. ఆ పేరు చెబితే ఖమ్మంలో ఎవరూ గుర్తుపట్టరు. దేశంలో చాలాచోట్ల ఆ గేము పేరు 'ముస్తఫా'. అందులో జాక్, హన్నా, ముస్తఫా, మెస్ అని నలుగురు. పసుపు టోపీ పెట్టుకుని పరుగెత్తుకొచ్చి గాల్లోకి లేచి తన్నేవాడు ముస్తఫా. ఆ గేము మా పార్లర్లకు చేరేసరికి బాబ్రీ మసీదు కూలి రెండు మూడేళ్లయి ఉంటుంది. వీధుల్లో ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. అయినా పార్లర్లో రూపాయి బిళ్ల వేసిన ప్రతి పిల్లవాడూ, ఏ కులం వాడైనా, 'ముస్తఫా నాది' అని కొట్లాడేవాడు. తొందరపడి ముందు రిమోట్ పట్టుకున్నవాడు 'నేను ముస్తఫా' అని ప్రకటించేవాడు. బయట మమ్మల్ని 'తురకోళ్లు' అని పిలిచిన నోళ్లే లోపల ఆ మాట అనేవి.

దీన్ని తీపి జ్ఞాపకంగా చెప్పడం లేదు. ఆ ముస్తఫాలో మా బతుకు ఏమీ లేదు. అమెరికాలో మార్క్ షుల్ట్జ్ గీసిన బొమ్మల కథల్లోంచి వచ్చిన పాత్ర అతను. అతనికి భాష లేదు, అమ్మ లేదు, పండగ లేదు. ఉన్నదంతా ఒక పేరు, ఒక తన్ను. అయినా ఆ పేరు మాకు ఒక విషయం నేర్పింది. సినిమాలో పాత్రను మనం 'వాడు' అంటాం. గేములో పాత్రను 'నేను' అంటాం. వాడు దూకాడు అనం, నేను దూకాను అంటాం. వాడు చచ్చాడు అనం, నేను చచ్చాను అంటాం. ఈ ఒక్క తేడా వల్లే గేము మీద విమర్శ అవసరమైంది. గేములో ఎవరు 'నేను' అవుతున్నారు? ఎవరు ఎప్పటికీ 'వాడు'గానే మిగిలిపోతున్నారు? ఈ వ్యాసంలో మేం అడిగేది ఇంతే.

ఈ ప్రశ్న తెలుగు సాహిత్యానికి కొత్తది కాదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చేదాకా, 1998లో 'జల్జలా' సంకలనం వచ్చేదాకా తెలుగు కవిత్వంలో ముస్లిం చాలావరకు 'వాడు'. నమ్మకస్తుడైన సాయిబుగానో, అత్తరు అమ్ముకునే ముసలాయనగానో, నవాబుల కాలపు క్రూరుడిగానో ఉండేవాడు. ఆ తర్వాతే 'నేను' అన్నాడు, 'మేం' అన్నాడు. సెక్యులర్ విమర్శకుల్లో కొందరు అప్పుడు ఇబ్బంది పడ్డారు. మీ గురించి మేం మంచిగానే రాస్తున్నాం కదా, మళ్లీ మీరెందుకు విడిగా అన్నారు. మంచిగా రాయడం వేరు, రాసే చెయ్యి మాది కావడం వేరు అని అప్పుడు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు కథ తెరమీదికి మారింది, చేతిలో కలం బదులు రిమోట్ ఉంది. ప్రశ్న మాత్రం అదే.

ముందు అందరూ ఆడే పెద్ద గేముల సంగతి ఒక్క ఉదాహరణతో చూద్దాం. 2009లో 'కాల్ ఆఫ్ డ్యూటీ: మోడరన్ వార్‌ఫేర్ 2' వచ్చింది. కోట్ల డాలర్ల వ్యాపారం. అందులో ఒక యుద్ధరంగం పేరు కరాచీ. ఆ కరాచీ వీధుల్లో బోర్డులన్నీ అరబ్బీలో ఉన్నాయి! కరాచీ బోర్డులు ఉర్దూలో ఉంటాయని తెలుసుకోవడానికి గూఢచారి సంస్థ అక్కర్లేదు, ఒక ఫొటో చూస్తే చాలు. ఉర్దూ చదివే మాలాంటివాళ్లకు ఇది చిన్న పొరపాటుగా అనిపించదు. ఉర్దూలో ఉన్న ట, డ, చ, గ ధ్వనులకు ప్రామాణిక అరబ్బీలో అక్షరాలు లేవు. 'ప' కూడా లేదు. అరబ్బులు పాకిస్తాన్‌ను 'బాకిస్తాన్' అని రాసుకుంటారు. అంటే ఆ దేశం పేరులోని మొదటి అక్షరం కూడా లేని లిపిని తెచ్చి ఆ దేశపు గోడలకు తగిలించారన్నమాట. తుపాకుల మీది గీతలను, బూట్ల తాళ్లను అంత శ్రద్ధగా గీసినవాళ్లు మనుషుల భాషను ఎందుకు చూసుకోలేదు? చూసుకోవాల్సిన అవసరం రాలేదు కాబట్టి. కాల్చి పడేయాల్సిన 'వాడు' ఏ భాష మాట్లాడితే ఏం? గడ్డం, గోడమీద వంకర గీతలు ఉంటే చాలు, లక్ష్యం గుర్తుపట్టవచ్చు.

ఇక మన దేశంలో తయారైన, పెద్దగా పేరు రాని గేములకు వద్దాం. ఇందులో మన హైదరాబాద్‌కు పెద్ద పాత్రే ఉంది. 2009లో హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ 'హనుమాన్: బాయ్ వారియర్' తయారుచేసింది. ప్లేస్టేషన్ 2 కోసం మన దేశంలో తయారైన తొలి గేముగా దాన్ని చెప్పుకున్నారు. బాల హనుమంతుడి కథ మీద గేము వస్తే మాకు అభ్యంతరమేముంటుంది? నిజానికి అభ్యంతరం అమెరికాలో ఉన్న ఒక హిందూ నాయకుడి నుంచి వచ్చింది. ఆటగాడు దేవుణ్ణి మీట నొక్కి ఆడించడం అపచారమన్నాడు. ఆ మాటలో భక్తి ఎంతున్నా, ఒక నిజం ఉంది. రిమోట్ చేతిలో ఉన్నవాడికి అధికారం ఉంటుందని ఆయన గుర్తించాడు. అదే ఏడాది హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర 'దేశీ అడ్డా'ను తెచ్చింది. కబడ్డీ, గిల్లీదండా, గాలిపటాలు అందులోని ఆటలు. మా ఊళ్లో గిల్లీదండా ఆడేటప్పుడు కర్ర ఎవరి చేతిలో ఉందో చూశాం గాని ఆ కర్రకు మతం ఉందో లేదో చూడలేదు. వీధి ఆటలను గేముగా మలచాలన్న ఆ ఆలోచన గట్టిదే. కాని ఆ దారిలో తర్వాత నడిచినవాళ్లు తక్కువ. పురాణం దారే రహదారి అయింది.

ఆ రహదారిలో మంచి పేరు తెచ్చుకున్నది పుణేకు చెందిన నోడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో తెచ్చిన 'రాజీ'. సర్కస్‌లో పనిచేసే రాజీ అనే పిల్ల, రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ పోతుంది. దుర్గ, విష్ణువు ఆమె కథ చెబుతుంటారు. ఆడపిల్లను నాయికను చేసినందుకు, విదేశీ బొమ్మల నకలు కాకుండా మన గోడలు, మన రంగులు వాడినందుకు మెచ్చుకోవాలి. అందులోని కోటలకు రాజస్థాన్ మధ్యయుగ కోటలు ప్రేరణ. అందంగా ఉన్నాయి. కాని ఆ కోటల్లో మనుషులు లేరు. దేవతలున్నారు, రాక్షసులున్నారు. ఆ కోటల నీడలో తరతరాలుగా పాడిన మాంగనియార్లు, లంగాలు ముస్లింలే కదా. కోటను తెరమీదికి తెచ్చుకున్నప్పుడు కోట కింది బతుకు బయటే మిగిలిపోయింది. పురాణ కథలో ముస్లిం ఎలా ఉంటాడని అడగవచ్చు. నిజమే, ఉండడు. 'భారతీయ గేము' అనగానే పురాణమే ఎందుకు గుర్తొస్తుందన్నదే మా ప్రశ్న. భారతీయత అంటే పురాణమే అయితే మేం ఎప్పటికీ ఆ తెర బయటి మనుషులం.

ఇక్కడే 2017లో హైదరాబాద్ ఓగర్ హెడ్ స్టూడియో తెచ్చిన 'అసుర' గురించి చెప్పాలి. ఇందులో ఆటగాడు దేవతల వైపు కాదు, పగ తీర్చుకునే అసురుడి వైపు నిలబడతాడు. ఆడిన ప్రతిసారీ దారులు మారిపోతాయి. చస్తే మళ్లీ మొదటికి రావాలి. తెలుగువాళ్లకు ఈ పక్క మార్పు కొత్త కాదు. 1920లోనే త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబుకవధ' రాశాడు. ఓడినవాడి వైపు నుంచి పురాణం చదవడం మనకు అలవాటైన విద్య. ఈ స్టూడియో స్థాపకుడి పేరు జైనుద్దీన్ ఫహద్. మాకు సంతోషమూ కలిగింది, ఆలోచనా కలిగింది. హైదరాబాద్ నుంచి ఒక ముస్లిం పేరుగల యువకుడు గేము తీస్తే అందులో అసురుడు 'నేను' అయ్యాడు. హైదరాబాద్ ముస్లిం ఇంకా కాలేదు. ఆయన్ను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఎవరికి నచ్చిన కథ వాళ్లు చెప్పుకుంటారు. ముస్లిం అయినంత మాత్రాన ముస్లిం కథే చెప్పాలన్న నియమం పెట్టడం కూడా ఒక బంధనమే. అయితే పాతబస్తీ చూడీల దుకాణంలో పనిచేసే పిల్ల కథతో గేము తీస్తానంటే పెట్టుబడి పెట్టేవాళ్లెందరు? ఈ ప్రశ్న మేం మార్కెట్‌ను అడుగుతున్నాం.

మమ్మల్ని లక్ష్యంగా పెట్టి కాలుస్తున్నారు కాబట్టి తుపాకీని అటు తిప్పితే సరిపోతుందా? అలా తిప్పినవాళ్లూ ఉన్నారు. 2001లో డమాస్కస్‌లో 'తహ్త్ అల్ రమాద్', అంటే 'బూడిద కింద' అనే గేము వచ్చింది. పాలస్తీనా తిరుగుబాటు కాలపు యువకుడు అహ్మద్ అందులో 'నేను'. రాయి విసరడంతో మొదలై తుపాకీ దాకా పోతాడు. అయితే అందులో ఒక నియమం ఉంది. మామూలు పౌరుణ్ణి కాలిస్తే ఆట అక్కడితో అయిపోతుంది. కోపంతో చేసిన గేములో కూడా ఆ గీత గీసుకోవడం గమనించదగ్గది. 2003లో లెబనాన్‌లో హిజ్బుల్లా విడుదల చేసిన 'స్పెషల్ ఫోర్స్'లో అలాంటి సంకోచం కనిపించదు. ఇజ్రాయెల్ నాయకుల బొమ్మల మీద గురి నేర్పుతుంది. దాన్ని చూసి చప్పట్లు కొట్టేవాళ్లు మావాళ్లలోనూ ఉంటారని తెలుసు. మేం కొట్టలేం. ఆ గేము అమెరికన్ గేము చేసిన పనే చేస్తుంది, బోర్డులు మాత్రం మారుస్తుంది. అవతలివాణ్ణి ముఖం లేని 'వాడు'గా మార్చడమే ఆధిపత్య విద్య అయితే, ఆ విద్య మా చేతిలోకి వచ్చినంత మాత్రాన విముక్తి కాదు.

డమాస్కస్‌లోనే అఫ్కార్ మీడియా వాళ్లు 'ఖురైష్' అనే వ్యూహాల గేము చేశారు. సైన్యాలు, ఊళ్లు నడిపే తరహా. ఇస్లాం తొలి కాలం మీద. అందులో అరబ్బుల పక్షమే కాదు, బెదూయిన్లు, పర్షియన్లు, రోమన్ల పక్షాన కూడా ఆడవచ్చు. తమ చరిత్రను ఎదుటివాడి కోట మీంచి కూడా చూడనివ్వడం! మన దగ్గర రజాకార్ల కాలం మీద అలా నాలుగు వైపుల నుంచి చూపించే గేము ఊహించగలమా? 1948 సెప్టెంబర్ అనగానే మాకు ఒక వైపు, మీకు ఒక వైపు మాత్రమే కనిపిస్తున్న చోట, నిజాం మీద తిరగబడ్డ ముస్లిం కమ్యూనిస్టు ఏ వైపు నిలబడతాడు? ఆ తర్వాతి రోజుల్లో ఏ పాపమూ లేకుండా చచ్చిపోయిన పల్లెటూరి ముస్లిం ఎక్కడ కనిపిస్తాడు?

తుపాకీ లేని గేముల్లోనే మాకు ఎక్కువ ఆశ కనిపించింది. 2016లో వచ్చిన '1979 రెవల్యూషన్: బ్లాక్ ఫ్రైడే'లో 'నేను' రెజా అనే కుర్ర ఫొటోగ్రాఫర్. ఇరాన్ విప్లవం నడుస్తున్న వీధుల్లోకి కెమెరాతో దిగుతాడు. తీసిన ఫొటోల పక్కన ఆ కాలంలో నిజంగా తీసిన ఫొటోలు వస్తాయి. 1978 సెప్టెంబర్ 8న టెహ్రాన్ జాలే కూడలిలో జనం మీద కాల్పులు జరిగిన శుక్రవారమే పేరులోని బ్లాక్ ఫ్రైడే. కథ మొదలయ్యేసరికి రెజా ఎవిన్ జైల్లో ఉంటాడు, విప్లవం తర్వాతి పాలకులు ప్రశ్నిస్తుంటారు. షా కాలాన్నీ వదలదు, తర్వాత వచ్చినవాళ్లనూ వదలదు. తయారుచేసిన నవీద్ ఖోన్సారీ ఇరాన్ మూలాలున్న కెనడావాడు. ఇరాన్ ప్రభుత్వం ఆ గేమును నిషేధించింది. విలేకరులుగా పనిచేసిన మాకు ఈ గేము దగ్గరగా తగిలింది. ఏ మాట చెప్పాలో, ఎవరి పేరు చెప్పకూడదో క్షణాల్లో తేల్చుకోవాలి. ముస్లిం అంటే ఒక్క గొంతు అనుకునేవాళ్లు ఇది ఆడాలి. అందులో కమ్యూనిస్టు ఉన్నాడు, మతస్థుడు ఉన్నాడు, షాకు కొలువు చేసే సొంత అన్న ఉన్నాడు. అందరూ ఒకే వీధివాళ్లు.

2017లో వచ్చిన 'పాత్ అవుట్' ఇంకో తరహా. సిరియా నుంచి 2014లో ప్రాణాలు దక్కించుకుని బయటపడిన అబ్దుల్లా కరమ్ తన సొంత కథను ఆస్ట్రియాలో ఒక చిన్న బృందంతో కలిసి గేముగా చేశాడు. పిల్లల గేములా ముద్దుగా ఉండే బొమ్మలు. తెర మూలలో అసలు అబ్దుల్లాయే వీడియోలో కనిపించి మాట్లాడుతుంటాడు. ఆటగాడు తప్పు దారిలో వెళ్లి చస్తే, నన్ను చంపేశావు కదా అని ఎగతాళి చేస్తాడు. సిరియా గురించి మనకున్న తెలివితక్కువ ఊహలను అక్కడికక్కడే దిద్దుతాడు. బొమ్మ లోపలి మనిషి బయటికొచ్చి బొమ్మ గీసేవాళ్లతో, ఆడేవాళ్లతో వాదించడం మేం మొదటిసారి చూశాం. కరాచీ బోర్డుల పక్కన ఒక కరాచీ పిల్లవాణ్ణి అలా నిలబెట్టి ఉంటే?

2016లోనే పాలస్తీనాకు చెందిన రషీద్ అబూఈదే 'లైలా అండ్ ది షాడోస్ ఆఫ్ వార్' విడుదల చేశాడు. నలుపు, బూడిద రంగు నీడల్లో ఒక తండ్రి గాజాలో తన చిన్న కూతుర్ని కాపాడుకోవాలని పరుగెత్తుతాడు. ఇక్కడ ఆటగాడు చేయగలిగింది పరుగెత్తడం, దూకడం, అప్పుడప్పుడూ రెండు దారుల్లో ఒకటి ఎంచుకోవడం. ఏది ఎంచుకున్నా గెలుపు లేదు. యాపిల్ కంపెనీ మొదట దీన్ని గేముల వరుసలో పెట్టడానికి ఒప్పుకోలేదు. వార్తల వరుసలోనో, సమాచారం వరుసలోనో పెట్టుకోమంది. జనం నిరసన తెలిపాక ఒప్పుకుంది. ఈ సంగతి మీద కాస్త ఆగాలి. గాజాలాంటి వీధుల్లో మనుషుల్ని కాల్చుకుంటూ పోతే అది గేము. ఆ వీధిలోనే కూతురి చెయ్యి పట్టుకుని పరుగెత్తితే గేము కాదు, వార్త. చంపడం వినోదం, బతకడం రాజకీయం. కథ రాస్తే కథ కాదు నినాదమనీ, కవిత రాస్తే కవిత కాదు ప్రకటన అనీ విన్న మాకు ఆ కంపెనీ మాట ఎక్కడో విన్నట్టే అనిపించింది.

అయినా 'లైలా' మీద కూడా మాకు ఒక సందేహం ఉంది. అక్కడ మాకు దొరికిన 'నేను' ఏడ్చే 'నేను', పారిపోయే 'నేను'. చంపబడే శత్రువు నుంచి చంపబడే అమాయకుడి దాకా వచ్చాం. ఇది ముందడుగే. కాని తెరమీద మా పని చావడమేనా? జాలి కూడా ఒక దూరమే.

ఆ దూరాన్ని కొంత దాటింది 2017లో ఫ్రాన్స్ వాళ్లు చేసిన 'బరీ మి, మై లవ్'. సిరియాలోని హోమ్స్ నుంచి నూర్ అనే ఆమె యూరప్‌కు బయల్దేరుతుంది. భర్త మజ్ద్ ఇంటి దగ్గరే ఉండిపోతాడు. ఆటగాడు మజ్ద్. మనం చేయగలిగింది ఫోన్లో ఆమెకు సందేశాలు పంపడం ఒక్కటే. ఆమె దారి ఆమె నడుస్తుంది. మన మాట వింటుంది, ఒక్కోసారి వినదు. నిజంగా వలస వెళ్లిన ఒక సిరియా మహిళ అనుభవం దీనికి ఆధారం. పేరు ఒక అరబ్బీ పలుకుబడి నుంచి వచ్చింది. నాకన్నా ముందు నువ్వు చావకు, నన్ను పాతిపెట్టేది నువ్వే కావాలి అని దాని భావం. ముగింపులు 19 ఉన్నాయి. నూర్ చమత్కారి, కోపిష్టి, నవ్విస్తుంది. ఇక్కడ ఆటగాడి చేతిలో రిమోట్ ఉన్నా మనిషి చేతిలో లేదు. గేము చేయగల గొప్ప పని ఇదే అనిపించింది. ఎదుటి మనిషిని ఆడించడం కాదు, ఆమె కోసం ఎదురుచూడటం.

మళ్లీ మన దేశానికి వద్దాం. గుజరాత్‌లో చాలా అనే చిన్న ఊళ్లో స్టూడియో ఓలియోమింగస్ ఉంది. ధ్రువ్ జానీ, సహచరులు నడుపుతున్నారు. 2017లో 'ఎ మ్యూజియం ఆఫ్ డ్యూబియస్ స్ప్లెండర్స్', 2020లో 'ది ఇండిఫరెంట్ వండర్ ఆఫ్ యాన్ ఎడిబుల్ ప్లేస్' చేశారు. వీటిని గేములనాలో, నడుస్తూ చదివే కథలనాలో తేల్చడం కష్టం. రెండోదాంట్లో కథానాయకుడి ఉద్యోగం కట్టడాలను తినడం. మునిసిపాలిటీ జీతమిచ్చి ఒక కట్టడాన్ని తినిపిస్తుంది. కూలగొట్టే ఆవేశం లేదు, నినాదాల్లేవు. ఫైలు ప్రకారం ఇటుక తర్వాత ఇటుక. ఇది ఆడుతూ మేం 1992 డిసెంబర్ 6 గురించి ఆలోచించకుండా ఉండలేకపోయాం. ఈ మధ్యకాలపు బుల్డోజర్ల గురించీ ఆలోచించాం. నిందితుడి ఇల్లని చెప్పి కూల్చేయడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2024 నవంబర్ 13న చెప్పాల్సివచ్చేదాకా వాటిని కూడా నోటీసులతో, కొలతలతో, పంచనామాలతోనే నడిపారు. మిగతా గేములు మమ్మల్ని బాధితుల పక్కన నిలబెడితే, ఈ గేము ఆటగాణ్ణి తినేవాడి పళ్ల మధ్య నిలబెట్టింది. సెక్యులర్ మిత్రులు దీన్ని తప్పకుండా ఆడాలి. గునపం పట్టినవాడొక్కడే కాదు, ఫైలు మీద సంతకం చేసినవాడూ, చూస్తూ ఊరుకున్నవాడూ 'నేను' అయితే ఎలా ఉంటుందో తెలుస్తుంది.

వీళ్ల గేములు మీర్ ఉమర్‌హసన్ అనే గుజరాతీ రచయిత రాతల ఆధారంగా చేసినట్టు చెప్పుకుంటాయి. అలాంటి రచయిత లేడు. ఆయన్నూ వాళ్లే కల్పించారు. చెరిగిపోయిన చరిత్రను చెప్పడానికి చెరిగిపోయిన రచయితనొకణ్ణి సృష్టించడం లోతైన ఆలోచనే. మేం దాన్ని గౌరవిస్తాం. గౌరవిస్తూనే ఒక మాట అడుగుతాం. కల్పించిన ముస్లిం రచయితకు ఈ గేముల్లో చోటు దొరికింది. నిజమైన ముస్లిం రచయితలకు, గుజరాత్‌లో గాని తెలంగాణలో గాని, ఎప్పుడు దొరుకుతుంది?

మరి మా గేము ఎలా ఉండాలి? 2023లో కెనడాలో ఒక తమిళ యువకుడి చిన్న బృందం చేసిన 'వెన్బా' చూశాక మాకు కొంత దారి కనిపించింది. అది వంట గేము. వలస వెళ్లిన తమిళ తల్లి వెన్బా దగ్గర అమ్మ రాసిచ్చిన వంటల పుస్తకం ఉంటుంది. తడిసి అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి. ఇడ్లీయో బిర్యానీయో ఏ వరుసలో ఏం వేయాలో ఆటగాడే ఊహించి వండాలి. కొడుకుకు అమ్మ భాష సరిగా రాదు. శత్రువు లేడు, తుపాకీ లేదు. పోతున్నది భాష. ఆ దుఃఖం చెప్పడానికి ఒక చట్టి, నాలుగు దినుసులు చాలాయి.

ఏన్కూరు గేముకు కూడా అంతే చాలు. ఇంట్లో అమ్మీతో ఉర్దూ, కల్లంలో తెలుగు, గూడెంలో రెండు కోయ మాటలు. ఖమ్మం బస్సులో కూచున్నప్పుడు అమ్మీ ఫోను వస్తుంది. సలాం గట్టిగా చెప్పాలా, మెల్లగా చెప్పాలా, 'హలో' అని సరిపెట్టాలా? మూడు మీటలు. ఏది నొక్కినా ఎవరూ చావరు. కాని నొక్కినవాడికి తెలుస్తుంది. మేం రోజూ ఆడుతున్న ఆట ఇదే. ఇంకో మెట్టులో దూదేకుల ఇంటి పిల్లవాడు. ఇంట్లోనూ తెలుగే. ఉర్దూ రాకపోతే నువ్వేం ముస్లింవని ఒకరు, పేరు చూస్తే సాయిబువే కదా అని ఇంకొకరు. ఇంకో మెట్టులో పీర్ల పండుగ, ఆలావ చుట్టూ అసోయ్‌దూలా ఆడే అన్ని కులాల కాళ్లు. ఇల్లందు దగ్గర సత్యనారాయణపురంలో నాగుల్‌మీరా ఉర్సు. ఆ పేరులోనే నాగులూ ఉంది, మీరా కూడా ఉంది. దాన్ని విడదీసి చూపించమంటే ఏ ఆటగాడి తరమవుతుంది?

ఇది రాస్తున్నప్పుడు మా ఇంటి సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆటలు హరాం అని తలుపు మూసే పెద్దలు మాలో ఉన్నారు. పీర్ల పండుగ ఇస్లాం కాదని ఆ ఆలావను ఆర్పాలనే కొత్త చదువులవాళ్లూ ఉన్నారు. అన్నిటికన్నా ముందు, ఆ రాత్రి కల్లం మంచం మీద ఒక్క ఆడపిల్లా లేదు. మా ఇళ్లలో ఫోను కొడుకు చేతికి వస్తుంది, కూతురి చేతికి రాదు. పారిస్‌లో కూచున్నవాళ్లు నూర్‌కు ఇచ్చిన గొంతు మేం మా కూతుళ్లకు ఇచ్చామా? రిమోట్ ఎవరి చేతిలో ఉందని లోకాన్ని అడిగేవాళ్లం ఈ జవాబు కూడా చెప్పాలి.

తెలుగు విమర్శకులకు ఒక విన్నపం. మీ ఇంటి పిల్లలు రోజూ రాత్రి ఒక కథలో 'నేను' అవుతున్నారు. ఆ కథను చదవండి, దాని మీద రాయండి. కూకట్‌పల్లిలో, మాదాపూర్‌లో కంప్యూటర్ల ముందు కూచునే మా ముస్లిం కుర్రాళ్లకు, అమ్మాయిలకు ఒక మాట. కోట్ల పెట్టుబడి లేకపోయినా పైన చెప్పిన చిన్న గేముల్లో చాలావాటిని కొద్దిమందే చేశారు. ఒక వంటగది, ఒక బస్సు, ఒక కల్లం చాలు.

మిర్చి అమ్ముడుపోయాక మా పిల్లవాణ్ణి మళ్లీ కలిశాం. నూర్ గేమును అతని ఫోన్లో వేసి, ఇంగ్లీషును ఉర్దూలోకి మార్చి చదివి వినిపించాం. కాల్చేది లేదా చిచ్చా అన్నాడు. లేదన్నాం. నూర్ సముద్రం దగ్గర ఆగి జవాబివ్వడం మానేసింది. ఆ గేములో జవాబు వెంటనే రాదు, గంటలు పడుతుంది. పొద్దున్నే వచ్చి, ఏం రాసిందని అడిగాడు. అప్పుడు అతనికి ముస్తఫా కథ చెప్పాం. పార్లర్ నిండా పిల్లలు, వాళ్లలో రెడ్డీలు, కమ్మలు, మాదిగలు, మేం, అందరం ముస్తఫా కావాలని కొట్లాడేవాళ్లమని.

అతను నమ్మలేదు. "ఝూట్ చిచ్చా," అన్నాడు, నవ్వుతూ. "ఆ పేరు కావాలని ఎవరు కొట్లాడుతారు?"